వానాకాలం కొండ ట్రెక్కు: ఒక్క రాత్రికి 7 కిలోల బ్యాగు సర్దుకోవడం ఎలా

జూన్ నుంచి సెప్టెంబరు దాకా శుక్రవారం రాత్రి మియాపూర్‌లోనో అమీర్‌పేట్‌లోనో పుణె బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ట్రెక్కుకు మొదటిసారి వెళ్తున్నది ఎవరో బ్యాగు చూసి చెప్పేయొచ్చు. బ్యాగు బయట చాప వేలాడుతుంటుంది, పక్క జేబులో గొడుగు ఉంటుంది, ఒంటిమీద జీన్స్. జిప్పు మూయలేక ఒక మోకాలు బ్యాగు మీద పెట్టి లాగుతుంటారు. శనివారం మధ్యాహ్నానికి సహ్యాద్రి (పుణె వైపు పడమటి కనుమల) వానలో ఆ బ్యాగు ఇంకో రెండు కిలోలు పెరుగుతుంది. కొత్తగా వస్తువులేవీ చేరవు, ఉన్నవే నీళ్లు తాగుతాయి.

వానాకాలంలో తేలికగా సర్దుకోవడానికీ, ఎండాకాలంలో సర్దుకోవడానికీ తేడా ఇదే. ఎండాకాలంలో వస్తువులు తగ్గిస్తే బరువు తగ్గిపోతుంది. వానలో ప్రతి వస్తువు గురించీ ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. తడిస్తే ఇది ఎంత బరువవుతుంది? తడిశాక రాత్రికి పనికొస్తుందా? ఈ రెండూ పట్టించుకుంటే 60 కిలోల మనిషి ఒక రాత్రి ట్రెక్కుకు నీళ్లూ తిండీ అన్నీ కలిపి 7 కిలోలతో హాయిగా వెళ్లిరావచ్చు.

1. ముందు రాత్రి పడక ఎక్కడో తేల్చుకోండి

చాలామంది బ్యాగు తెచ్చుకుని సర్దడం మొదలుపెడతారు. దానికంటే ముందు రాత్రి ఎక్కడ పడుకుంటారో తెలియాలి. సగం బరువు అక్కడే తేలిపోతుంది.

లోనావాలా నుంచి సుమారు 15 కిలోమీటర్లు నడిచి రాజ్‌మాచీ కోటకు వెళ్తే, దాని కింద ఉధేవాడి అనే ఊళ్లో ఇళ్లలోనే పడుకోవచ్చు. చాప, దుప్పటి, వేడి వేడి భోజనం వాళ్లే ఇస్తారు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, మ్యాటు మూడూ ఇంట్లో వదిలేయొచ్చు, అంటే దాదాపు మూడు కిలోలు తగ్గినట్టే. హరిశ్చంద్రగఢ్ లాంటి కొండకోట దగ్గర (1,424 మీటర్లు) పైన గుహలున్నాయి. కానీ వానాకాలంలో గుహ నేలంతా చెమ్మగా ఉంటుంది, పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటాయి. అక్కడికైతే మ్యాటు, స్లీపింగ్ బ్యాగు తప్పవు. ఇక సొంత టెంటు మోసుకెళ్లి గాలివానలో కొండ అంచున వేసుకోవడం మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే వద్దంటాను. తడిసిన టెంటును పొద్దున మడిచి మోయడమంటే ఇంకో కిలో నీళ్లను ఊరికే మోయడమే.

మొదటి వానాకాలపు రాత్రి ట్రెక్కుకు ఊరి ఇల్లే సరైన పడక. ముందే ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో చెప్పండి. వాననీటి ప్రమాదాల వల్ల పుణె, రాయగడ్ జిల్లాల్లో అధికారులు కొన్ని వారాలు కోటలకూ జలపాతాలకూ వెళ్లకుండా ఆంక్షలు పెడుతుంటారు, అది కూడా ఆ ఫోన్‌లోనే కనుక్కోండి. వాతావరణ శాఖ ఆ జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ ఇస్తే టికెట్ డబ్బులు పోయినా సరే, మానేయండి. ఆ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. 2023 జులైలో రాయగడ్ జిల్లాలో ఇర్షాల్‌గఢ్ కోట కింద ఉన్న ఇర్షాల్‌వాడి అనే పల్లె మీద కొండచరియ విరిగిపడింది అలాంటి వానలోనే, అదీ జనం నిద్రపోయే వేళ.

2. తూకం వేయండి, అంచనా వద్దు

ఇంట్లో మనిషి బరువు చూసే మిషన్ ఉంటే చాలు. బ్యాగు వేసుకుని ఒకసారి, వేసుకోకుండా ఒకసారి నిలబడి తేడా చూడండి. చిన్న వస్తువులకు వంటింటి త్రాసు. అదీ లేకపోతే కూరగాయల బండి అతన్ని అడిగినా తూచి పెడతాడు, నవ్వుకుంటాడంతే.

గుహలో పడుకునేలా సర్దితే నా లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. 35 లీటర్ల బ్యాగు 900 గ్రాములు, లోపలి ప్లాస్టిక్ కవరు 80, పొడి బట్టల జత 550, పలుచటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ స్వెటర్) 300, రెయిన్ జాకెట్ 350, సింథటిక్ స్లీపింగ్ బ్యాగు 900, ఫోమ్ మ్యాటు 250, తలకు కట్టుకునే టార్చి 90, ఫోన్, పవర్ బ్యాంక్ కలిపి 430, మందులు 200, ప్లేటు, గ్లాసు, చెంచా 150, హవాయి చెప్పులు 250, తువ్వాలు 100. మొత్తం నాలుగున్నర కిలోలు. రెండు లీటర్ల నీళ్లంటే రెండు కిలోలు, తిండి ముప్పావు కిలో. అన్నీ కలిపి ఏడు కిలోలకు కాస్త పైన. ఊరి ఇంట్లో పడుకుంటే ఇందులో ఇంకో కిలో పైనే తగ్గుతుంది.

నలుగురు కలిసి వెళ్తుంటే వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏం తెస్తున్నారో ముందే పంచుకోండి. లేకపోతే నాలుగు డెట్టాల్ సీసాలు, నాలుగు ఓడోమాస్ ట్యూబులు, నాలుగు పవర్ బ్యాంకులు కొండెక్కుతాయి. మందుల సంచి గ్రూపుకు ఒకటి చాలు, పవర్ బ్యాంకులు రెండు. బ్లూటూత్ స్పీకర్ మాత్రం ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు, దానికి మందు లేదు.

3. బట్టలు: రెండే జతలు

బట్టలు రెండు జతలే. ఒకటి తడిసే జత, ఒకటి పొడి జత. మూడోది వద్దు.

తడిసే జత అంటే నడిచేటప్పుడు వేసుకునేది. పాలియెస్టర్ స్పోర్ట్స్ టీషర్టు, అలాంటి బట్టతోనే ట్రాక్ ప్యాంటు, సింథటిక్ సాక్సులు. కాటన్ గాలిలోని తేమ నుంచే తన బరువులో 7, 8 శాతం నీళ్లు పీల్చుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పీల్చదు. జీన్స్ సంగతి చెప్పక్కర్లేదు. పొడిగా ఉన్నప్పుడే 600, 700 గ్రాములుంటుంది, తడిపి పిండాక తూచి చూడండి, కిలో దాటుతుంది. పైగా తడి జీన్స్ మోకాలు వంగనివ్వదు, తొడల దగ్గర ఒరుసుకుని మంట పెడుతుంది. నీళ్లు గాలికంటే 20 రెట్లు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి కాబట్టి, ఒంటిని అంటుకున్న తడి కాటన్ చలికాలమంత చలి తెప్పిస్తుంది.

ఒరుసుకునే చోట్ల, అంటే తొడల మధ్య, చంకల్లో, కాలి వేళ్ల సందుల్లో బయల్దేరే ముందే వాజ్‌లైన్ రాసుకోండి. నడక మధ్యలో మంట మొదలయ్యాక రాసుకుంటే ఉపయోగం సగమే.

పొడి జత దేవుడి ప్రసాదంతో సమానం. ఒక ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, పలుచటి ట్రాక్ ప్యాంటు, లోదుస్తులు, మందపాటి సాక్సులు ఒక జత. అన్నిటినీ చుట్టి జిప్ కవరులో పెట్టి, గాలి వదిలేసి మూసేయండి. రాత్రి గూటికి చేరేదాకా ఆ కవరు తెరవకూడదు. మధ్యాహ్నం టీ దగ్గర వణుకుతున్నా తెరవకూడదు, ఎందుకంటే ఇంకో అరగంటలో మళ్లీ వాన వస్తుంది.

అసలు పరీక్ష మర్నాడు పొద్దున. ఆరింటికి బయట సన్నగా జల్లు పడుతుంటుంది, మీరు వెచ్చగా పొడి బట్టల్లో ఉంటారు, తాడు మీద ఆరేసిన నిన్నటి టీషర్టు ఇంకా చల్లగా, బరువుగా వేలాడుతుంటుంది. దాన్నే మళ్లీ వేసుకోవాలి. తల దూర్చేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతుంది, పళ్లు టకటకలాడతాయి. పది నిమిషాలు నడిస్తే ఒంటి వేడికి ఆ సంగతే మర్చిపోతారు. పొడి జత మళ్లీ కవరులోకి పోతుంది, రాత్రి ఏసీ బస్సులో హైదరాబాద్ వచ్చేటప్పుడు అదే మీ ఒంటిమీద ఉంటుంది. ఆ పొద్దుటి పది నిమిషాలు ఓర్చుకోలేకే జనం మూడో జత, నాలుగో జత మోస్తారు.

చలి ఎంత ఉంటుందో అంచనా వేసుకోవడానికి ఒక లెక్క ఉంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, హరిశ్చంద్రగఢ్ 1,424. అంటే మన ఊరికంటే ఓ 5, 6 డిగ్రీలు తక్కువ. అంకె చూస్తే చిన్నదే, తడిసి గాలికి నిలబడితే మాత్రం ఒళ్లు గడ్డకడుతుంది. దానికి పలుచటి ఫ్లీస్ ఒకటి సరిపోతుంది. ఇంట్లో అమ్మ "చలిగుంటదంట, ఇది పెట్టుకో బిడ్డా" అంటూ అల్లిన స్వెటర్ ఇస్తుంది. కిలో బరువుండే ఆ స్వెటర్‌ను ప్రేమగా తీసుకుని, మళ్లీ బీరువాలోనే పెట్టేయండి.

అమ్మాయిలకు ఒక మాట. తడి బట్టలు మార్చుకునే చోటు దొరకడం కష్టం. పలుచటి సింథటిక్ నైటీ ఒకటి ఉంటే పైనుంచి వేసుకుని లోపల మార్చేసుకోవచ్చు, రాత్రి పడుకోవడానికీ అదే. మగవాళ్లకు ఆ పని లుంగీ చేసిపెడుతుంది. చున్నీ వద్దు, ముళ్లపొదలకు తగులుకుంటుంది. ప్యాడ్లు నెలసరి రోజులు కాకపోయినా రెండు పెట్టుకోండి, వాడినవి తిరిగి తేవడానికి ముదురు రంగు జిప్ కవరు కూడా.

4. జాకెట్టా, పోంచోనా, గొడుగా

కొండ మీద గాలికి గొడుగు నిలవదు, ఒక చెయ్యి కూడా దానికే పోతుంది. రోడ్డు పక్కన దొరికే పలుచటి ప్లాస్టిక్ పోంచో (తల దూర్చి వేసుకునే, చేతుల్లేని వదులు వానకోటు) మొదటి ముళ్లకంపకే చిరుగుతుంది. మంచి పోంచో బ్యాగుతో సహా కప్పుతుంది కానీ, గాలి లేస్తే ఎగిరి మొహం మీద పడుతుంది, కింద పాదం ఎక్కడ పెడుతున్నారో కనపడదు. వెడల్పాటి బండి దారికైతే సరే, ఎక్కుడు దిగుడుకు వద్దు.

మనలో చాలామందికి ఇంట్లో బండి మీద వేసుకునే రెయిన్ కోటు ఉంటుంది. ప్యాంటుతో కలిపి కిలో పైనే ఉంటుంది, గాలి ఆడదు. కొత్తది కొనే డబ్బుల్లేకపోతే దాని పైభాగం ఒక్కటీ పట్టుకెళ్లండి, ప్యాంటు వదిలేయండి. కొనగలిగితే టోపీ ఉన్న, చంకల కింద జిప్పులున్న తేలికపాటి రెయిన్ జాకెట్ తీసుకోండి. ఎంత ఖరీదైనది కొన్నా ఎక్కుడులో చెమటతో లోపల తడుస్తారు. కాబట్టి జాకెట్‌ను వాన ఆపడానికి కాకుండా గాలి ఆపడానికి అనుకోండి. నడుస్తున్నంతసేపూ తడిసినా ఏమీ కాదు, ఆగినప్పుడు గాలి తగలకూడదు.

5. బ్యాగులోకి నీళ్లు రాకుండా

బ్యాగు మీద వేసే రెయిన్ కవరును నమ్ముకున్నవాళ్లే ఎక్కువమంది తడి దుప్పట్లలో పడుకుంటారు. అది బ్యాగు ముందు వైపునే కప్పుతుంది. వాన మీ మెడ వెనకనుంచి వీపు మీదుగా కారి, వీపుకు ఆనే ప్యాడింగులోకి దిగి, అక్కణ్నుంచి కుట్ల గుండా లోపలికి పోతుంది. కవరు అడుగున ఆ నీళ్లన్నీ నిలిచి బ్యాగు కింది భాగం నానుతుంది కూడా.

అందుకే రక్షణ లోపలి నుంచి మొదలవ్వాలి. బ్యాగు లోపల ఒక పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచిని పరిచి, అన్నీ అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. బేగంబజార్‌లో ప్లాస్టిక్ కవర్లు తూకానికి అమ్మే దుకాణాల్లో మందంగా ఉండేవి అడగండి, వేళ్లతో లాగితే సాగి తెల్లబడేవి వద్దు. చెత్తబుట్ట కవర్లే తీసుకుంటే ఒకదానిలో ఒకటి రెండు వేయండి. బియ్యం బస్తా చూడ్డానికి గట్టిగా ఉన్నా నేసిన సంచి కాబట్టి నీళ్లు ఆపదు. లోపల ఈ సంచి ఉంటే బయటి రెయిన్ కవరు ఉన్నా లేకపోయినా ఒకటే, నేనైతే వదిలేస్తాను.

లోపలి సంచిలో మళ్లీ మూడు చిన్న కవర్లు. పొడి జతకు ఒకటి, పడకకు ఒకటి, ఫోనూ కాగితాలకు ఒకటి.

నమ్మకం కుదరకపోతే బయల్దేరే వారం ముందు బాత్రూమ్‌లో పరీక్ష పెట్టండి. బ్యాగులో బట్టల బదులు పాత దినపత్రిక కాగితాలు ఉండలు చుట్టి నింపండి. అడుగున, జిప్పు పక్కన, వీపు వైపు, పై మూత కింద ఒక్కో చోట ఒక్కో ఉండ. ప్లాస్టిక్ సంచి లేకుండా బ్యాగును షవర్ కింద పది నిమిషాలు నిలబెట్టి, తీసి చూడండి. కాగితం చెప్పేస్తుంది. చాలా బ్యాగుల్లో అడుగున ఉన్నదీ, జిప్పు పక్కనున్నదీ మెత్తగా ముద్దయి వస్తాయి, మధ్యలోది కాస్త చెమ్మగా ఉంటుంది. ఇప్పుడు లోపల ప్లాస్టిక్ సంచి వేసి ఇంకోసారి. ఈసారి ఏ ఉండైనా తడిస్తే సంచికి ఎక్కడో చిల్లు ఉన్నట్టే. లోపల టార్చి పెట్టి చీకట్లో చూస్తే చిల్లు దొరుకుతుంది.

6. కాళ్లు

వాటర్‌ప్రూఫ్ బూట్లు మంచును దృష్టిలో పెట్టుకుని చూస్తే మంచివే. సహ్యాద్రి వానలో మాత్రం నీళ్లు మడమ పైనుంచి లోపలికి పోతాయి, మళ్లీ బయటికి రావు. జాలీ బట్టతో చేసిన, అడుగున లోతైన గాట్లున్న రబ్బరు సోలు బూట్లు నయం. నీళ్లు వచ్చినా నాలుగడుగుల్లో బయటికి పోతాయి. నాచు పట్టిన రాయి మీద ఏ బూటైనా జారుతుంది, అక్కడ పాదం మొత్తం ఆనించి చిన్న అడుగులు వేయాలి. కొత్త బూట్లు కొంటే కనీసం రెండు వారాలు ఆఫీసుకు వేసుకెళ్లండి.

రాత్రికి హవాయి చెప్పులు. రాత్రి పడుకునే చోటికి చేరగానే బూట్లు, సాక్సులు విప్పేసి, పాదాలు తుడిచి గంటసేపు గాలికి వదిలేయాలి. రోజంతా నానిన చర్మం తెల్లగా ముడతలు పడి ఉంటుంది, ఆరకుండా మళ్లీ సాక్సులు వేస్తే మర్నాడు బొబ్బలే.

కర్ణాటక వైపు కుమార పర్వతం (1,712 మీటర్లు) లాంటి అడవి కొండలకు వెళ్తే జలగలు తప్పవు. చిన్న కవరులో ఉప్పు పెట్టుకోండి, ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దూర్చండి. పట్టుకుంటే గోటిని చర్మానికి ఆనించి పక్కకు జరిపితే వదులుతుంది. తర్వాత కాసేపు రక్తం ఆగకపోతే భయపడొద్దు, జలగ లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది.

7. పడక

స్లీపింగ్ బ్యాగు తీసుకెళ్లాల్సి వస్తే సింథటిక్‌దే. పక్షి ఈకలతో నింపినవి తేలికే కానీ, తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. ఇంటి రగ్గు, బొంత ఆలోచనే వద్దు. ఫోమ్ మ్యాటును బ్యాగు బయట వేలాడదీయకుండా లోపల గోడలా గుండ్రంగా చుట్టి నిలబెట్టి, మధ్యలో మిగతావి సర్దండి. బ్యాగుకు ఆకారం వస్తుంది, మ్యాటు తడవదు. 60 గ్రాముల లోపు ఉండే వెండి రంగు ఎమర్జెన్సీ షీటు ఒకటి గ్రూపులో ప్రతివాళ్ల దగ్గరా ఉండాలి. తడిసి వణుకుతున్న మనిషికి పొడి బట్టలు వేసి దాన్ని చుట్టడమే అక్కడ చేయగల మొదటి వైద్యం.

8. తిండి, నీళ్లు

ఒక రాత్రి కోసం స్టవ్, గిన్నెలు మోయడం దండగ. వానలో కట్టెలు అంటుకోవు. కొండ కింద ఊళ్లలో పిఠలా, భాకరీ దొరుకుతుంది, శనగపిండి కూర, జొన్న లేదా బియ్యపు రొట్టె. తెలంగాణ మనిషికి జొన్న రొట్టె కొత్త కాదు, పచ్చి మిరపకాయల ఠేచాతో రెండు లాగించేస్తారు. అందుకని దారి తిండి మాత్రం పట్టుకెళ్తే చాలు.

తక్కువ బరువుకు ఎక్కువ శక్తినిచ్చేవి చూసుకోండి. పల్లీలు 100 గ్రాములు తింటే 560 కేలరీల పైనే, అటుకులు 350 దాకా. పల్లిపట్టి, వేయించిన శనగలు, ఖర్జూరాలు, బెల్లం ముక్క, ఇవి తడి చేతులతో నడుస్తూ తినగలిగేవి. అటుకుల్ని పల్లీలు, కరివేపాకుతో వేయించుకుని గాలి వదిలేసిన కవర్లో పెడితే రెండు రోజులూ కరకరలాడతాయి. పులిహోర రుచిగా ఉంటుంది, చింతపండు వల్ల తొందరగా పాడవ్వదు, కానీ అన్నంలో ఎక్కువ భాగం నీళ్లే. కాబట్టి బస్సులో రాత్రి భోజనానికీ, శనివారం పొద్దున టిఫిన్‌కూ మాత్రమే. సకినాలు తేలికే, కానీ బ్యాగులో పొడైపోతాయి. ఉస్మానియా బిస్కెట్లకు చెమ్మ తగిలితే చెంచాతో తినాలి. తొక్కు లేకుండా రొట్టె దిగదనుకునేవాళ్లు గాజు సీసా వదిలేసి, మందుల డబ్బా సైజు ప్లాస్టిక్ డబ్బాలో రెండు చెంచాలు పెట్టుకోండి. మూత కింద చిన్న ప్లాస్టిక్ కాగితం బిగిస్తే నూనె కారదు.

చుట్టూ వాన ఉన్నా తాగే నీళ్లు మోయాల్సిందే, వాగు నీళ్లు బురదగా ఉంటాయి. స్టీల్ ఫ్లాస్కు ఖాళీగానే పావుకిలో పైనే ఉంటుంది, దుకాణంలో కొన్న లీటరు వాటర్ బాటిల్ 30 గ్రాములు కూడా ఉండదు. అలాంటివి రెండు. వాగు నీళ్లు నింపాల్సి వస్తే తువ్వాలు నాలుగు మడతలు వేసి వడగట్టి, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగండి. వానలో దాహం తెలియదు, చెమట మాత్రం పోతూనే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు ఉంచండి. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి.

9. చిన్నాచితకా

టార్చి తలకు కట్టుకునేదే తీసుకోండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోన్ టార్చిని నమ్ముకోవద్దు. తడి వేలికి ఫోన్ తెర పలకదు, ఫొటోకు వాల్యూమ్ బటన్ వాడండి. దారి మ్యాపును బస్సులోనే డౌన్‌లోడ్ చేసుకోండి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఫోన్ కవర్లో వేయండి.

కొండ కింద ఊళ్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. వంద, యాభై నోట్లు విడిగా తీసుకెళ్లండి. ఆధార్ నకలు, ఇంటి నంబరు, ఊళ్లో మీరు దిగే ఇంటి నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. 112, 108 గుర్తుండనే ఉంటాయి.

మందుల్లో పారాసిటమాల్, సెట్రిజిన్, పోవిడోన్ అయోడిన్ ట్యూబు, బ్యాండేజీలు, మడమ మెలిపడితే కట్టడానికి క్రేప్ బ్యాండేజీ, మీరు రోజూ వేసుకునే మందులు. షాంపూ, సబ్బు, దువ్వెన, డియోడరెంట్ బస్సు సామానులోనే ఆగిపోవాలి. బస్సు కోసం తెచ్చినవన్నీ ఒక చేతిసంచిలో కట్టి కింద ఊళ్లోనే ఉంచి ఎక్కండి. ల్యాప్‌టాప్ తెచ్చే మహానుభావులకు నేను చెప్పగలిగిందేమీ లేదు.

10. సర్దే వరుస

ముందు ప్లాస్టిక్ సంచి, దాని గోడ చుట్టూ మ్యాటు. అడుగున స్లీపింగ్ బ్యాగు, దాని మీద పొడి జత. బరువైనవి, అంటే ఒక నీళ్ల బాటిలు, తిండి, పవర్ బ్యాంకు, వీపుకు ఆనుకుని నడుము పైన రావాలి. అవి దూరంగా బయటి వైపు ఉంటే బ్యాగు వెనక్కి లాగుతుంది, దిగుడులో బ్యాలెన్స్ తప్పుతుంది. పైన ఫ్లీస్. ప్లాస్టిక్ సంచి మూతి కట్టేశాక, దానికి బయట పై జేబులో జాకెట్, టార్చి, మందులు. నడుం పట్టీ జేబులో పల్లిపట్టి. చెత్త తెచ్చుకోవడానికి ఒక ఖాళీ కవరు పక్క జేబులో.

సర్దిన బ్యాగుతో మౌలాలి గుట్ట మెట్లు ఒకసారి ఎక్కి దిగండి, లేదా అపార్ట్‌మెంట్ మెట్లే ఓ గంట. భుజం ఎక్కడ కోస్తుందో, ఏ డబ్బా మూల వీపులో గుచ్చుతుందో అప్పుడే తెలుస్తుంది. ఒక ఆదివారం వికారాబాద్ అనంతగిరికి వెళ్లి వానలో నడిచొస్తే ఇంకా మంచిది.

11. వాగు దగ్గర, రాత్రి ఇంట్లో

వాగు దాటేముందు నడుం పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయండి. కాలు జారితే బ్యాగును వదిలేసి మీరు బయటపడగలగాలి. నీళ్లు మోకాలు దాటితే, లేదా రంగు మారి కొమ్మలు కొట్టుకొస్తుంటే దాటొద్దు, ఎంత ఆలస్యమైనా తగ్గేదాకా ఆగండి.

రాత్రి ఊళ్లో దిగే ఇంటికి చేరగానే తడి బట్టల్ని ఆ ఇంటివాళ్ల గడపలో కుప్పవేయకుండా, పిండి తాడు మీద వేయండి. అవి పూర్తిగా ఆరవు, నీళ్లు కారడం ఆగితే చాలు. తడి బట్టలను పొయ్యి మీద ఆరబెట్టి పాలియెస్టర్ కరిగించుకోవద్దు. బూట్లలో దినపత్రిక కాగితాలు కుక్కి, గంటకోసారి మారిస్తే పొద్దుటికి సగం ఆరతాయి. అందుకే నాలుగు పేజీల కాగితం మోసినా తప్పులేదు.

12. తిరిగొచ్చాక

సోమవారం పొద్దున బస్సు దిగి నేరుగా గచ్చిబౌలి ఆఫీసుకు పోతే బ్యాగును మూసిన గదిలో వదిలేయకండి, సాయంత్రానికి బూజు వాసన పడుతుంది. బాల్కనీలో జిప్పులన్నీ తీసి తలకిందులుగా వేలాడదీయండి. స్లీపింగ్ బ్యాగును నీడలో ఆరేసి, మడిచి నొక్కి పెట్టకుండా పెద్ద సంచిలో వదులుగా ఉంచండి.

ఇంకొకటి. కాళ్ల మీద గీతలతో పశువులు తిరిగే బురదలోనూ వాగు నీళ్లలోనూ నడిచివచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే మామూలు జ్వరమని ఊరుకోవద్దు. లెప్టోస్పైరోసిస్ (ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద వల్ల సోకే జబ్బు) కావచ్చు. ఎక్కడ నడిచారో, ఏ రోజు నడిచారో డాక్టరుకు మొదటే చెప్పండి, పరీక్ష ఏది రాయాలో దాన్ని బట్టే ఉంటుంది.